ప్రార్థన చీటీలో పేరు

భీమశంకరరావు పుస్తకాలు చదివేవాళ్లందరికీ ఆయన మీద ఎంతో కొంత కోపం ఉంటుంది. విశాఖపట్నంలో అలాంటివాళ్లు రెండు వందల పద్నాలుగు మంది కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు, అప్పుడప్పుడు మీటింగులకీ కలుస్తారు. పొద్దున్నే ఆయన వాక్యం ఒకటి పెట్టుకుని మురిసిపోతారు, మధ్యాహ్నానికి ఆయన్నే తిట్టుకుంటారు. తిట్టుకోవడానికి కారణాలు లేకపోలేదు. సన్మానం చేస్తామని వెళ్లినవాళ్ల మొహాన తలుపు వేశాడు. ఫొటో దిగుతానన్న కాలేజీ పిల్లను ఏడిపించి పంపాడు. సబ్బవరంలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన సన్యాసిరాజు పదకొండు పేజీల ఉత్తరం రాస్తే, "మీ ఉత్తరం చదవలేదు. ఇంక రాయకండి" అని ఒక కార్డు ముక్క వచ్చింది. ఆ కార్డుని సన్యాసిరాజు లామినేషన్ చేయించి, హాల్లో పెళ్లి ఫొటో పక్కన తగిలించుకున్నాడు. ఇంటికొచ్చినవాళ్లకి చూపించి, "దస్తూరీ సూసేరా, ముత్యాల్లాగుంది" అంటాడు. తర్వాత ఆ పూటంతా ముభావంగా ఉంటాడు. అభిమానానికి సిగ్గూ లజ్జా ఉండవు, అదొక్కటే దానితో చిక్కు.

ఆ గ్రూపులో ఏనాడూ ఒక్క ముక్క రాయని మనిషి విమలమ్మ. వయసు యాభై తొమ్మిది. జ్ఞానాపురంలో రెండు గదుల ఇల్లు, పిల్లలు లేరు. భర్త జ్ఞానశేఖర్ స్టీల్ ప్లాంటులో చేసేవాడు, గుండెపోటుతో పోయి ఆరేళ్లయింది. ఆవిడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ముప్ఫై నాలుగేళ్లు నర్సుగా చేసి, ఇప్పుడు ఇళ్లకు వెళ్లి పుళ్లకు కట్లు కడుతోంది. ఏళ్ల తరబడి ఇతరుల నొప్పి చూసిన మనిషికి ఏదో ఒకటి మొద్దుబారుతుంది. భర్త సమాధి దగ్గర అందరూ ఏడుస్తుంటే, ఈవిడ మట్టి తడిగా ఉందని, పెట్టె దించేవాళ్లకి కాళ్లు జారతాయని చెబుతూ నిలబడింది. చర్చిలో ఆడవాళ్లు ఆ సంగతి ఇప్పటికీ అనుకుంటారు. వాళ్లననుకోనీ. ఆ రోజు ఎవరూ జారిపడలేదు కదా.

విమలమ్మ తండ్రి పోర్టులో ఖలాసీ. ఇంట్లో ఆయన మాట్లాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పిల్లలంటే ఇష్టం లేదనే ఆవిడ అనుకుంది, ఆయన పోయేదాకా. ఆయన పోయాక, నర్సు ట్రైనింగు హాస్టల్లో ఉండగా ఒక వారపత్రికలో భీమశంకరరావు కథ చదివింది. అందులో ఒక ఖలాసీ ఉంటాడు. ఖనిజం దుమ్ములో పనిచేసి ఇంటికొచ్చి, చేతులు నాలుగుసార్లు కడుక్కుని, అప్పటికీ నలుపు వదలలేదని పిల్లను ఎత్తుకోకుండా గుమ్మంలోనే కూర్చుంటాడు. విమలమ్మ ఆ పత్రికను మంచం మీద పెట్టి, బయటికెళ్లి బకెట్టు నీళ్లు తోడుకుని, ఊరికే చేతులు కడుక్కుని వచ్చింది. తండ్రిని ఆవిడకు పరిచయం చేసింది తల్లి కాదు, అప్పట్లో పోర్టులో సరుకు లెక్కలు రాసే గుమాస్తా భీమశంకరరావు. అప్పట్నుంచి ఆయన రాసింది ఒక్కటీ వదల్లేదు. కొన్ని కథలైతే చూడకుండా చెప్పగలదు.

ఇంతటి పాఠకురాలికి ఆయన ఎదురుగా కూర్చునే రోజు వస్తే, తను ఒక్క పుస్తకమూ చదవలేదన్నట్టు నటించాల్సి వచ్చింది.

ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్లు. వన్ టౌన్లో కోటవీధి దగ్గర మేడ మీద రెండు గదుల్లో ఒక్కడే ఉంటాడు. షుగరు వల్ల ఎడమకాలికి స్పర్శ పోయింది. చెప్పులోకి మేకు దిగబడి రెండు రోజులున్నా ఆయనకు తెలియలేదు. పుండు పెద్దదై, ఆసుపత్రికి రానంటే రానని మొరాయిస్తే, ఆయన మేనకోడలు నాగశ్రీ, బ్యాంకులో పనిచేస్తుంది, ఎవరో చెబితే విమలమ్మకు ఫోను చేసింది. మెట్ల దగ్గరే ఆపి చెప్పింది.

"ఆంటీ, మావయ్య ఒకటే అడుగుతాడు, పుస్తకాలు చదూతావా అని. చదవనని చెప్పండి. ఇంతకుముందొచ్చినాయన మీ అభిమానిని సార్ అన్నాడు, అంతే, దూది మొహాన కొట్టి పంపీసేడు."

అడగనే అడిగాడు. కుర్చీలో కూర్చుని, కాలు స్టూలు మీద పెట్టి, ఆవిడ మొహం కేసి చూడకుండా.

"పుస్తకాలు సదూతావేటి?"

"బైబిలు సదూతానండి," అంది విమలమ్మ. అబద్ధం కాదు.

"అది పరవాలేదు. ఆ రాసినోళ్లింటికెళ్లి ఎవులూ బెల్లు కొట్టరు. కట్టు కట్టు."

అలా ఏడు నెలలు. రోజూ పది గంటలకు వెళ్లేది. పాత కట్టు విప్పి, సెలైన్‌తో కడిగి, చచ్చిన చర్మం తీసి, కొత్త గాజుగుడ్డ పెట్టి కట్టేది. ఆయన ఏదో ఒకటి విసుక్కునేవాడు. నీళ్లు చల్లగా ఉన్నాయనేవాడు, స్పర్శే లేని కాలికి. ఆలస్యమైందనేవాడు, ఇంకా పది కాకముందే. "ఏయ్ నర్సమ్మా" తప్ప పేరు పెట్టి పిలిచింది లేదు. కిటికీ దగ్గర బల్ల మీద కాయితాల దొంతర ఉండేది, రోజురోజుకీ కొంచెం పెరుగుతూ. పదేళ్లుగా ఆయన ఏమీ రాయట్లేదని గ్రూపులో అందరూ బెంగపడుతున్నారు. ఆ దొంతర తన మోచేతికి రెండడుగుల దూరంలో ఉండేది. విమలమ్మ ఒక్కసారి కూడా అటు తలెత్తి చూడలేదు. ఇంటికి తిరిగొస్తూ బస్సులో ఫోను తీస్తే, "ముసలాయన బతికున్నాడా లేడా" అని వాళ్లు రాసుకుంటూ ఉండేవారు. చదివి ఫోను సంచిలో పెట్టుకునేది.

ఆవిడకు ఆ మనిషి నచ్చాడా అంటే, లేదు. పుస్తకాల్లో ఒక కూలివాడి చేతుల గురించి అంత జాలిగా రాసినవాడు, కింద పోర్షన్లో పనిమనిషి బకెట్టు చప్పుడు చేసిందని ఆమెను అనరాని మాటలనేవాడు. రెండూ ఒకే నోట ఎలా వస్తాయో విమలమ్మకు అర్థమయ్యేది కాదు. అయినా పది గంటలయ్యేసరికి కాళ్లు అటే నడిచేవి. ఆదివారాలు మాత్రం ఆరాధన అయ్యాక మధ్యాహ్నం వెళ్లేది.

ఆగస్టులో వానలకు పుండు తిరగబెట్టింది. జ్వరం వచ్చింది. చిటికెన వేలు నల్లబడింది. నాగశ్రీ బతిమాలి తీసుకొచ్చిన సర్జన్ చూసి, "ఇరవై రోజులు గమనిద్దాం. ఒక్కరోజు కూడా డ్రెస్సింగ్ మానొద్దు. ఇది పైకి పాకితే మోకాలి కింద తీసెయ్యాలి," అని వెళ్లిపోయాడు. భీమశంకరరావు గోడ కేసి తిరిగి పడుకున్నాడు. ఆ రోజు నీళ్లు చల్లగా ఉన్నాయని కూడా అనలేదు. అది చూసి విమలమ్మకు భయం వేసింది. ఎన్నో ఏళ్ల తర్వాత వేసిన భయం, దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు.

తెలిసిన పని ఒకటే చేసింది. వాళ్ల చర్చిలో గుమ్మం పక్కన ఒక డబ్బా ఉంటుంది. ఎవరికి ఏ కష్టం వచ్చినా చీటీ మీద రాసి అందులో వేస్తారు, ఆదివారం పాస్టరుగారు ఒక్కొక్కటీ పైకి చదివి ప్రార్థన చేస్తారు. చీటీలో పేరు, ఊరు, వీధి, జబ్బు అన్నీ వివరంగా ఉండాలి. చిన్నప్పటి నుంచి అలవాటైన పద్ధతి. ఎవరో ఒక సహోదరుడికి కాలు బాగోలేదని రాస్తే అది ప్రార్థనలాగే అనిపించదు వాళ్లకి. ముప్ఫై నాలుగేళ్లు కేసుషీట్లు రాసిన చెయ్యి కూడా కదా, ఒక్క వివరమూ వదల్లేదు. ఆ చర్చిలో ముందు వరసల్లో కూర్చునేది ముసలమ్మలూ, రిటైరైన రైల్వేవాళ్లూ. వాళ్లలో కథలు చదివేవాళ్లు లేరని ఆవిడ ధైర్యం.

"సహోదరులు భీమశంకరరావుగారు, కోటవీధి, వన్ టౌన్. షుగరు. ఎడమకాలి పుండు. కాలు తీయకుండా స్వస్థత కొరకు," అని పాస్టరుగారు చదివారు. అందరూ కళ్లు మూసుకున్నారు. విమలమ్మ కూడా మూసుకుంది. హార్మోనియం పక్కన మూడు కాళ్ల స్టాండు మీద ఫోను ఒకటి పెట్టి, రెండు నెలలుగా ఆరాధనంతా యూట్యూబులో లైవు ఇస్తున్నారన్న సంగతి ఆవిడకు తెలియక కాదు. గుర్తు లేదు.

ఆ చర్చి సభ్యుడే కెన్నీ, షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో పనిచేస్తాడు. ఆ ఆదివారం బద్ధకించి ఇంట్లో పడుకుని ఫోన్లో ఆరాధన చూస్తున్నాడు. గ్రూపులో ఉన్న రెండు వందల పద్నాలుగు మందిలో అతనొకడు. పేరు వినపడగానే లేచి కూర్చున్నాడు. ఆ ఇరవై సెకన్ల ముక్కను కత్తిరించి గ్రూపులో పెట్టాడు. చెడ్డవాడు కాదు పాపం, కింద రెండు చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టాడు.

మంగళవారం పదిన్నరకు పదకొండు మంది వచ్చారు. విమలమ్మ నేల మీద కూర్చుని ఉంది. ఆయన కాలు ఆవిడ ఒళ్లో ఉంది, పుండు తెరిచి ఉంది. ఆ రోజు సెలవు పెట్టి వచ్చిన నాగశ్రీ సగం తీసిన తలుపు మిగతా సగం వాళ్లే తీసుకున్నారు. ముందు సింహాద్రి, పోర్టులో క్రేను ఆపరేటరు, బత్తాయిల సంచితో. వెనక సన్యాసిరాజు. ఆ వెనక ఇద్దరు ఒక ఫ్లెక్సీ పట్టుకుని. "గురువుగారు త్వరగా కోలుకోవాలి" అన్న అక్షరాల కింద, పుస్తకం అట్ట మీద నుంచి తీసిన నలభై ఏళ్ల కిందటి ఫొటో. కాలు చూసేసరికి సింహాద్రికి కళ్లనీళ్లు తిరిగాయి. తర్వాత ఆ కాలు ఎవరి ఒళ్లో ఉందో చూశాడు.

"ఓలమ్మ, విమలమ్మక్కా! నువ్వేటిక్కడ?"

సింహాద్రి ఆనందం పట్టలేక ఆయన వైపు తిరిగాడు.

"సార్, ఈవిడ మా గ్రూపే సార్! మీ పుస్తకాలన్నీ సదివీసింది. మొన్న మీటింగులో ఖలాసీ కత సూడకుండా సెప్పీసింది సార్, పొల్లుపోకుండా! మేవందరం ఏడిసీసేం!"

భీమశంకరరావు పదకొండు మందినీ వదిలేసి ఆవిడను చూశాడు. ఏడు నెలల్లో మొదటిసారి సరిగ్గా మొహంలోకి చూశాడు.

"బైబిలన్నావు."

"అదీ సదూతానండి."

"ఈళ్లకెలా తెలిసింది?"

"నానే సర్చిలో సీటీ రాసేనండి. పేరుతోటి."

"ఎందుకు?"

"కాలు పోతాదని భయమేసిందండి."

ఫ్లెక్సీ పట్టుకున్నవాళ్లు దాన్ని మెల్లగా కిందికి దించారు.

"నా కాలు తప్ప ఇంకేటీ సూడని మనిషి ఒకర్తుంది అనుకున్నాను," అన్నాడాయన. గొంతు పెంచలేదు. "కట్టు కట్టీసి ఎల్లు. రేపట్నించి రావొద్దు."

విమలమ్మ కట్టు పూర్తిచేసింది. రోజూ కంటే తొందరపడలేదు, ఆలస్యమూ చెయ్యలేదు. ఆయనా కాలు లాక్కోలేదు. ప్లాస్టరు అంచు వేలితో నొక్కి, కాలిని తీసి స్టూలు మీద పెట్టి, సంచి సర్దుకుని, ఆ పదకొండు మంది మధ్యలోంచి మెట్లు దిగింది. ఏమీ అనిపించలేదు. ఏదో ఒకటి అనిపించాలి కదా అని మాత్రం అనిపించింది.

ఆ సాయంత్రం గ్రూపులో కొట్టుకున్నారు. "ఎంత పొగరో సూడు, బత్తాయిలు మెట్ల మీద ఇసిరీసేడు" అని ఒకరు. "ఆ పొగరు లేకపోతే ఆ రాతలు రావు" అని ఒకరు. సన్యాసిరాజు ఆయన తలుపు ఫొటో పెట్టి, కింద ఏమీ రాయలేదు. విమలమ్మను కొందరు పుణ్యాత్మురాలన్నారు, కొందరు దొంగన్నారు. ఏడు నెలలు రోజూ చూస్తూ ఒక్క మాట చెప్పలేదని వాళ్ల బాధ. మర్నాడు సింహాద్రి ఇంటికే వచ్చాడు.

"తప్పయిపోనాదక్కా, నోరు జారీసేను. మరొక్కటి సెప్పు. కొత్తది ఏదైనా రాత్తన్నాడా? బల్ల మీద ఏటుంది?"

"కాయితాలున్నాయి. నాను సూడలేదు."

"ఏడు నెలలూ సూడలేదా?"

"కాలు సూసేను."

సింహాద్రి నమ్మలేదు. టీ తాగి, కప్పు కింద పెట్టి, నమ్మినట్టు తలూపి వెళ్లాడు.

మూడో రోజు నాగశ్రీ ఫోను చేసి ఏడ్చింది. మావయ్య ఎవర్నీ రానివ్వట్లేదు, కట్టు వాసన వస్తోంది, సర్జన్ ఫోన్లోనే తిట్టాడు. "ఆంటీ, మీరొచ్చి కాళ్లావేళ్లా పడితే మెత్తబడతాడేమో" అంది. విమలమ్మ ఆలోచించింది. ఆ మాటకొస్తే, వెళ్లి ఆయన గుమ్మంలో కూర్చోవడానికి ఆవిడకు మానాభిమానాలు అడ్డం కావు. కానీ ఆవిడ ఆయన పుస్తకాలన్నీ చదివిన మనిషి. వాటిలో ఒకసారి తలుపు మూసినవాడు రెండోసారి తీసిన కథ ఒక్కటీ లేదు. తను వెళితే కాలు పోతుంది. తను వెళ్లకుండా వేరే చెయ్యి ఎవరిదైనా వెళితే కాలు దక్కొచ్చు. ఆ లెక్క ఆవిడకు కష్టంగా కూడా అనిపించలేదు. అదే వింత.

ఫ్లోరా అని, ఒకే వార్డులో పన్నెండేళ్లు తనతో చేసిన నర్సు. నలభై రెండేళ్లు. కాన్వెంటులో ఇంగ్లీషు చదువు. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ అక్షరం రాదు, సిటీబస్సుని కూడా నంబరు చూసే ఎక్కుతుంది. విమలమ్మ ఆవిడను ఇంటికి పిలిచి, ఆవిడ కాలే తన ఒళ్లో పెట్టుకుని నేర్పింది. ఎక్కడ మెత్తగా నొక్కాలి, ఏ వేలి మధ్య తడి నిలుస్తుంది, కట్టు ఎన్ని చుట్లు.

"నీళ్లు సల్లగున్నాయంటాడు. ఏటీ అనకు. ఆలీసమైందంటాడు. అవునండి అను. బల్ల కేసి సూడకు."

"ఏటుందక్కా బల్ల మీద?"

"ఏటీ నేదు. పుస్తకాలు సదూతావా అని అడుగుతాడు."

"నాకసలు రాదు కదక్కా."

"అదే సెప్పు."

ఫ్లోరా వెళ్లింది. రానిచ్చాడు. ఆ రోజు నుంచి పదిన్నరకల్లా విమలమ్మ ఫోనుకు పుండు ఫొటో ఒకటి వచ్చేది. వెలుతురులో పెట్టి, పెద్దది చేసి చూసి, "అంచు దగ్గర ఇంకొంచెం తియ్" అనో, "మందు తగ్గించు" అనో చెప్పేది. చీము తగ్గింది. వేలి నలుపు అక్కడే ఆగి, ఎండి, పొరలా ఊడింది. ఇరవయ్యో రోజున సర్జన్ చూసి కాలు తియ్యక్కర్లేదన్నాడు. నాగశ్రీ సింహాచలం వెళ్లి మొక్కు తీర్చుకుంది. విమలమ్మ చర్చి డబ్బాలో కృతజ్ఞత చీటీ వెయ్యలేదు. వేస్తే పేరు రాయాలి.

ఇంకో పది రోజులకు ఒక మధ్యాహ్నం ఫ్లోరా ఇంటికొచ్చింది. గాజుగుడ్డ చుట్టలు పట్టుకెళ్లడానికి వచ్చి, మంచినీళ్లు తాగి, గోడకానుకుని కూర్చుంది.

"అక్కా, ఆయన మంచోడే. నువ్వు ఊరికే భయపెట్టీసేవు. డ్రెస్సింగ్ సేసినంత సేపూ నాకు సదివి ఇనిపిత్తన్నాడు."

విమలమ్మ గాజుగుడ్డ లెక్కపెడుతోంది. ఆగింది.

"ఏటి సదివేడు?"

"బల్ల మీదున్నాయి కదా, అవే. వారం నుంచీ. 'నీకు అక్షరం రాదు కాబట్టి నీకు సదివితే ఎవుళ్లకీ సదవనట్టే' అన్నాడు. పెద్దదే అక్కా, ఇంకా అవ్వలేదు."

"దేని గురించి?"

ఫ్లోరా నుదురు చిట్లించి గుర్తు చేసుకోబోయింది.

"ఏటో పోర్టు... ఎవరో ఒకావిడ... అబ్బ, నాను పుండు సూసుకుంటాను గానీ అది ఇంటానేటి. బాగానే ఉంటాది. మద్దిలో ఒకసారి ఆయనే నవ్వీసేడు కూడా." విమలమ్మ మొహం చూసి ఆవిడ కొంచెం ముందుకు జరిగింది. "రేపు ఫోన్లో రికార్డు సేసి తేనా? సంచిలో పెట్టి నొక్కీసేనంటే తెలవదు."

గది బయట ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు. అది రెండు మూడుసార్లు తన్నాక గానీ అందుకోలేదు. విమలమ్మ గాజుగుడ్డ చుట్టల్ని మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఆయన రాసిన ప్రతి మాటా వెతుక్కుని చదివింది. ఇది మాత్రం ఆయన అచ్చుకిస్తాడో లేదో, తను ఉండగా వస్తుందో లేదో తెలియదు. ఫ్లోరా సంచిలో ఒక మీట నొక్కితే వస్తుంది.

"వొద్దు," అంది. "తెలిసిందంటే నిన్నూ రానివ్వడు. పుండింకా పూడలేదు."

"సరే అక్కా."

ఫ్లోరా చుట్టలు సంచిలో వేసుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్లాక విమలమ్మ పిలిచింది.

"ఫ్లోరా. సదివేటప్పుడు గొంతెలగుంటాది?"

ఫ్లోరా చెప్పులేసుకుంటూ ఆలోచించింది.

"మెత్తగుంటాదక్కా. మా నాన్న రోజరీ జపం సెప్పినట్టుంటాది. నీతోటి ఎప్పుడూ అలగ మాటాడలేదేటి?"

"లేదు," అంది విమలమ్మ. తర్వాత, "రేపు ఫొటో కొంచెం దగ్గర్నించి తియ్యి. ఇయ్యాల్టిది మసగ్గా వచ్చింది," అంది.